పిడి చూస్తే చాలదు, అలుగు చూడాలి



పోయిన నెల ఒక ఆదివారం మా పదో తరగతి వాళ్లమంతా సార్లతో కలిసి సాలార్‌జంగ్ మ్యూజియానికి పోయాం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి ఎం.జి.బి.ఎస్.లో దిగి, అక్కణ్ణించి నడిచి మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియం చేరాం. (శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.)

జేడ్ రాతి వస్తువుల గదిలో జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసే కత్తి ఉన్నాయి. అందరం పొదిగిన రాళ్లనే చూస్తూ నిలబడ్డాం. ఒక ఫ్రెండు నవ్వుతూ "మీ తాత కత్తి కూడా ఇక్కడ పెడదామా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా తాతది టేకు పిడి కత్తి. నాకు సిగ్గేసింది. అప్పుడు సారు "పిడి కాదురా, అలుగు చూడు. కత్తి అంటే అదే" అన్నారు.

ఆ మాట పట్టుకొని లైబ్రరీలో చదివాను. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు పేరుపొందిన ఉక్కు చేసేవాళ్లు. ఇనుమును కర్బన పదార్థాలతో మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కొలిమిలో కాచి, నెమ్మదిగా చల్లార్చేవాళ్లు. ఆ ఉక్కు ముద్దను సాగగొడితే అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు తేలేవి. ఇరాన్ వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చుకున్నవి ఇలాంటి ఉక్కుతో చేసినవే.

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో 'కెరిస్' అనే బాకు ఉంది. దాని గీతల సంగతి వేరు. మామూలు ఇనుము, నికెల్ కలిసిన ఇనుము పొరలు పొరలుగా కలిపి కొడతారు. తర్వాత నిమ్మరసం, పాషాణం పట్టిస్తే ఇనుము నల్లబడుతుంది, నికెల్ పొర తెల్లగా మెరుస్తుంది. అలుగు వంకరలు తిరిగి ఉంటే ఆ వంకరలు ఎప్పుడూ బేసి సంఖ్యే. అక్కడ కమ్మరులను 'పాండే' అంటారు, చాలా గౌరవిస్తారు. మన దసరా ఆయుధపూజ లాగా 210 రోజులకొకసారి కత్తులకు పూజ చేస్తారు. 2005లో యునెస్కో కెరిస్‌ను మానవజాతి వారసత్వంగా ప్రకటించింది.

ఇదంతా చదివాక ఒకటి తట్టింది. మ్యూజియం చీటీ మీద కత్తి ఎవరిదో ఉంది. చేసిన కమ్మరి పేరు లేదు.

ఆదివారం ఫోన్‌లో తాతను అడిగాను, "నీ కత్తి ఎవరు చేసిండ్రు?" అని. తాత ఆలోచించనే లేదు. కమ్మరి పేరు, ఊరు, కూలికింద ఇచ్చిన జొన్నలు రెండు కుంచాలని కూడా చెప్పాడు.

ఇప్పుడు నాకు సిగ్గు లేదు. సెలవులకు పోయినప్పుడు మీ ఇంట్లో ఉన్న పాత కత్తి, కొడవలి, గొడ్డలి ఎవరు చేశారో అడిగి రాసుకొని రండి. వచ్చే సంచికలో వేద్దాం. వార్డెన్ సార్, ఒక చార్టు మాత్రం ఎక్కువ ఇప్పించండి!

– పదో తరగతి విద్యార్థి