350 టన్నుల బుద్ధుడు రోడ్డు మీద ఎట్ల వచ్చిండు? భారీ లోడ్ల వెనకాల ఉన్న లెక్క

చేర్యాల నుంచి మాట్లాడుతున్నా.

కోతల సీజన్ వచ్చిందంటే మన జనగామ–సిద్దిపేట రోడ్డు మీద రెండు రకాల బండ్లు తప్పకుండా కనిపిస్తయి. ఒకటి, చైన్ హార్వెస్టర్‌ను ఎక్కించుకొని వచ్చే లారీ. రెండోది, సగం రోడ్డు తనే ఆక్రమించుకొని పోయే వరిగడ్డి ట్రాక్టర్. ఈ రెండిట్లో ఏది ఎక్కువ ప్రమాదం అని అడిగితే చాలామంది హార్వెస్టర్ లారీ అంటారు, ఎందుకంటే అది బరువెక్కువ. ఈ ఎపిసోడ్ అయిపోయేసరికి మీ జవాబు మారొచ్చు.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు దగ్గర్లోనే జరిగిన ఒక పెద్ద ఉదాహరణ తీసుకుందాం. హుస్సేన్ సాగర్ మధ్యలో ఉన్న బుద్ధ విగ్రహం. ఆ రాయి ఎక్కడిదో తెలుసు కదా? భువనగిరి పక్కన రాయగిరి గుట్టది. హైదరాబాద్‌కు సుమారు 60 కిలోమీటర్లు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1985లో పని మొదలైంది. గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు చెక్కారు. ఒకటే రాయి, ఎత్తు 58 అడుగులు, బరువు దాదాపు 350 టన్నులు. 1988 నవంబర్‌లో దాన్ని 192 చక్రాల ట్రైలర్ మీద పడుకోబెట్టి నగరానికి తెచ్చారు.

192 చక్రాలు ఎందుకు? ఇక్కడి నుంచి లెక్క మొదలు.

మొదటి లెక్క: రోడ్డుకు టైరు మాత్రమే తెలుసు. ట్రైలర్ సొంత బరువు 100 టన్నులు అనుకుందాం. మొత్తం 450 టన్నులు. 192తో భాగిస్తే ఒక్కో టైరు మీద 2.3 టన్నులు చిల్లర. ఇప్పుడు మామూలు లారీ చూడండి. 2018లో కేంద్రం మార్చిన రూల్ ప్రకారం నాలుగు టైర్లున్న ఒక యాక్సిల్ మీద 11.5 టన్నుల దాకా వేయొచ్చు. అంటే టైరుకు దాదాపు 2.9 టన్నులు. చూశారా? 350 టన్నుల బుద్ధుడి కింద ఉన్న టైరు కంటే నిండు లోడుతో పోయే మామూలు లారీ టైరే రోడ్డును ఎక్కువ నొక్కుతది!

కానీ ఒక చిక్కుంది. రోడ్డు ఎక్కడా పూర్తి సమానంగా ఉండదు. ఒక చక్రం గుంతలో దిగితే దాని బరువంతా పక్క చక్రాల మీద పడతది. అప్పుడు మన భాగహారం పనికిరాదు. అందుకే భారీ లోడ్లకు హైడ్రాలిక్ యాక్సిల్ ట్రైలర్లు వాడతారు. ప్రతి యాక్సిల్ దగ్గర ఆయిల్ సిలిండర్ ఉంటది. ఆ సిలిండర్లను పైపులతో కొన్ని గ్రూపులుగా కలుపుతారు. గ్రూపులో ఒక చక్రం కిందికి దిగితే ఆయిల్ అటువైపు పోతది, చక్రం కిందికి చాపుకుంటది, ప్రెషర్ మాత్రం గ్రూపు అంతటా ఒకటే ఉంటది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ల మీద పని సమానంగా పంచడానికి లోడ్ బ్యాలెన్సర్ అని వాడేవాళ్లం. ఇది అదే పని, కరెంట్‌కు బదులు ఆయిల్‌తో.

రెండో లెక్క: వంతెన అట్లా కాదు. రోడ్డు టైరును చూస్తే, వంతెన మొత్తం బండిని చూస్తది. ఒక స్పాన్ మీద ఒకేసారి ఎన్ని యాక్సిళ్లు ఉన్నయో అంత బరువూ ఆ స్పాన్ మోయాలి. టైర్లు ఎన్ని పెంచినా ఈ బరువు తగ్గదు. అందుకే పొడవైన ట్రైలర్లు వాడి బరువును ఎక్కువ స్పాన్ల మీదకు పరుస్తారు. వంతెన మీద మధ్యలో, నడక వేగంతో, బ్రేకు వేయకుండా పోవాలి. వేరే బండ్లను ఆపేస్తారు. అయినా చాలదనుకుంటే వంతెన పక్కన తాత్కాలికంగా మట్టి దారి వేస్తారు. తమిళనాడులోని కొరకోట్టై నుంచి బెంగళూరుకు 2018–19లో మహావిష్ణువు విగ్రహాన్ని 240 టైర్ల బండి మీద తీసుకెళ్లినప్పుడు ఇదే చేయాల్సి వచ్చింది. నెలల తరబడి పట్టడానికి ఇట్లాంటివే కారణాలు.

మూడో లెక్క: లాగేది ఇంజన్ ఒక్కటే కాదు, బరువు కూడా. మన ట్రాక్టర్ నడిపేవాళ్లకు ఇది బాగా తెలుసు. బురదలో ఇంజన్‌కు ఎంత బలం ఉన్నా చక్రం ఉత్తగనే తిరుగుతది. అందుకే టైర్లలో నీళ్లు నింపుతారు, చక్రాలకు ఇనుప బరువులు కడతారు. భారీ లోడ్లను లాగే పుల్లర్ బండి వెనకాల కూడా ఇనుము, కాంక్రీటు దిమ్మెలు పెట్టేది ఇందుకే.

అదే 450 టన్నులు తీసుకోండి. చదును తారు రోడ్డు మీద కదిలించడానికి టన్నుకు 12 కిలోల బలం అనుకుంటే దాదాపు 5.4 టన్నులు చాలు. కానీ 100 మీటర్లకు 5 మీటర్లు లేచే ఎత్తు వస్తే ఇంకో 22.5 టన్నులు కలుస్తది. మొత్తం 28 టన్నులు. పొడి రోడ్డు మీద టైరు పట్టు, దాని మీద పడే బరువులో 65 శాతం అనుకుంటే, లాగే చక్రాల మీద 43 టన్నులు ఉండాలి. ఒక్క బండితో అయ్యే పని కాదు. అందుకే ముందు రెండు పుల్లర్లు, వెనక నెట్టేది ఒకటి కనిపిస్తయి. ఎత్తు దిగేటప్పుడు వెనకది నెట్టదు, పట్టి ఆపుతది. చదును రోడ్డు కంటే దిగుడే వీళ్లకు ఎక్కువ భయం.

మరి ఇంత లెక్కతో రాయగిరి నుంచి నగరం దాకా వచ్చిన విగ్రహానికి ప్రమాదం ఎక్కడ జరిగింది? రోడ్డు మీద కాదు. 1990 మార్చి 10న బార్జ్ మీదకు ఎక్కించి చెరువులోకి తీసుకెళ్తుంటే, దాదాపు 100 గజాలు పోయాక ఒరిగి నీళ్లలో పడిపోయింది. 10 మంది చనిపోయారు. రెండేళ్లకు పైగా అది చెరువు అడుగునే ఉంది. బయటికి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు.

నేల, నీళ్లు బరువును మోసే తీరు వేరు. నేల గట్టిగా ఉంటది, బండి కొంచెం ఒరిగినా కింద నుంచి అట్లనే పట్టుకుంటది. బార్జ్ అయితే ఒకవైపు బరువు పెరిగితే ఆ వైపు మునుగుతది. వంపు వచ్చిందంటే పైనున్న లోడు జరగడానికి చూస్తది. జరిగితే వంపు ఇంకా పెరుగుతది. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటయి, ఆపడానికి టైం ఉండదు. 1770లో రష్యాలో థండర్ స్టోన్ అనే 1,250 టన్నుల బండను సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తెచ్చారు. నేల మీద కంచు గోళాల మీద దొర్లించారు, నీళ్ల మీదకు వచ్చాక బార్జ్‌కు రెండు వైపులా రెండు యుద్ధనౌకలను ఆనించి తీసుకెళ్లారు. ఒరగకుండా పట్టుకోవడానికే ఆ ఏర్పాటు.

ఇప్పుడు మన గడ్డి ట్రాక్టర్ దగ్గరికి వద్దాం. గడ్డి బరువు తక్కువే. కానీ ఎత్తు? ట్రాలీ చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లు అనుకోండి. బరువు కేంద్రం నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటే, ట్రాలీ దాదాపు 39 డిగ్రీలు వంగితే గానీ పడదు. అదే 2 మీటర్ల ఎత్తుకు పోతే 22 డిగ్రీలకే పడతది. ఇది నిలబడి ఉన్న ట్రాలీ లెక్క. మలుపులో, ఒక చక్రం తారు అంచు దిగినప్పుడు, తాడు వదులై గడ్డి పక్కకు జరిగినప్పుడు ఇంకా తక్కువకే పడతది. హార్వెస్టర్ లారీని జాగ్రత్తగా కట్టి, నెమ్మదిగా తీసుకెళ్తారు. గడ్డి ట్రాలీని మాత్రం "గడ్డే కదా" అంటాం.

అందుకే మన రైతన్నలకు, డ్రైవరన్నలకు నాలుగు మాటలు. ఒకటి, లోడును ఎత్తు పెంచే బదులు ఇంకో ట్రిప్పు వేయండి. రెండు, చెరువు కట్ట దిగేటప్పుడు ముందే చిన్న గేర్ వేసుకోండి, మధ్యలో క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయకండి. బ్రేకులు లేని ట్రాలీ ట్రాక్టర్‌ను నెట్టి అడ్డం తిప్పుతది. మూడు, ట్రాలీ గొలుసు ఎప్పుడూ కింది హుక్కుకే వేయండి, పైన కడితే ముందు చక్రాలు లేస్తయి. నాలుగు, ఊళ్లలో కరెంటు తీగలు కిందికి వేలాడే చోట కర్రతో ఎత్తి దాటించే పని అస్సలు చేయొద్దు. లైన్‌మెన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించాకనే కదలండి. రాత్రి పోతే ట్రాలీ వెనక, రెండు పక్కలా రేడియం స్టిక్కర్లు గడ్డి కింద దాగకుండా కనిపించాలి. వెనక వచ్చే బైకు మీద మన ఊరి పిల్లాడే ఉంటడు.

రాయగిరి నుంచి నగరం దాకా 350 టన్నులు క్షేమంగా వచ్చినయి. చివరి కొంచెం దూరంలో 10 ప్రాణాలు పోయినయి. మన పొలం నుంచి ఇంటికి కూడా రెండు మూడు కిలోమీటర్లే. దగ్గరే కదా అని లెక్క వదిలేయకండి.

మీకు తెలిసిన ట్రాలీ డ్రైవర్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ ఒకసారి వినిపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.