గుర్రపుస్వారీ నేర్చుకునేవారికి సమతౌల్యం, ఆత్మవిశ్వాసం

4.1 పరిచయం

గుర్రపుస్వారీ కొత్తగా నేర్చుకునే వ్యక్తికి మొదటి రోజుల్లో రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. శరీరం జీను మీద నిలవదు. పడిపోతానేమోనన్న ఆలోచన మనసును వదలదు. వీటిని వేర్వేరు సమస్యలుగా భావించడం పరిపాటి. వాస్తవానికి ఒకటి మరొకదాన్ని పెంచుతుంది. భయపడినవారు బిగుసుకుంటారు, బిగుసుకున్నవారు జీను మీద ఎగిరెగిరి పడతారు, అలా పడినకొద్దీ భయం ఎక్కువవుతుంది. ఈ వలయం ఎలా ఏర్పడుతుందో, దానిని ఎక్కడ తెంచవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం. మీలో చాలామంది ఇంతవరకు గుర్రం ఎక్కి ఉండకపోవచ్చు. అయినా ఇక్కడ చెప్పే సూత్రాలలో కొన్నింటిని ఇంట్లో ఒక స్టూలు మీద కూర్చునే పరీక్షించుకోవచ్చు.

4.2 శరీరం సమతౌల్యాన్ని ఎలా నిలుపుకుంటుంది

మన సమతౌల్యం మూడు రకాల సమాచారం మీద ఆధారపడుతుంది. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు, వాటి పక్కనున్న ఇతర భాగాలు తల కదలికను, వంపును తెలుపుతాయి. కళ్ళు పరిసరాలను చూపిస్తాయి. కండరాలు, కీళ్ళు, చర్మంలోని గ్రాహకాలు ఏ అవయవం ఏ స్థితిలో ఉందో మెదడుకు చెబుతాయి. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోండి. కొన్ని క్షణాల్లోనే తూలడం మొదలవుతుంది. మూడింటిలో ఒకటి తగ్గితే ఎంత తేడా వస్తుందో దీనివల్ల అర్థమవుతుంది.

కొత్త రౌతు సాధారణంగా చేసే పని కిందికి, గుర్రం మెడవైపు చూడటం. పెద్దవారి తల బరువు సుమారు 5 కిలోలు. అది ముందుకు వాలితే వీపు గూనిగా మారుతుంది, తుంటి వెనక్కి జారుతుంది, మడమలు పైకి లేస్తాయి. చూపును ముందుకు, వెళ్ళవలసిన దిశలో నిలిపితే ఈ లోపాల్లో సగం వాటంతటవే సర్దుకుంటాయి. సైకిలు నేర్చుకున్న రోజుల్లో ముందు చక్రాన్ని చూస్తూ తొక్కినవారు ఏమయ్యారో గుర్తు తెచ్చుకుంటే ఇంతకంటే వివరణ అవసరం లేదు.

4.3 జీను మీద కూర్చునే తీరు

పక్కనుంచి చూసినప్పుడు రౌతు చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలి. గుర్రాన్ని ఉన్నట్టుండి కిందినుంచి తప్పిస్తే రౌతు తన పాదాల మీద నిలబడగలగాలని శిక్షకులు అంటారు. గ్రీకు రచయిత జెనోఫోన్ సుమారు 2,300 ఏళ్ళ కిందటే ఇలాంటి సలహా ఇచ్చాడు. కుర్చీలో కూర్చున్నట్లు కాకుండా, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినట్లు ఉండాలన్నది అతని అభిప్రాయం.

ఇప్పుడు స్టూలు మీద కూర్చుని రెండు అరచేతులను పిరుదుల కింద ఉంచండి. రెండు ఎముకలు చేతికి గుచ్చుకుంటాయి. వీపు వంచితే అవి ముందుకు దొర్లుతాయి. నిటారుగా కూర్చుంటే నేరుగా కిందికి దిగుతాయి. జీను మీద శరీర బరువు ఈ రెండు ఎముకల మీద సమానంగా ఉండాలి.

నిటారుగా ఉండటమంటే కర్రలా బిగుసుకోవడమని పొరబడకూడదు. నిండు బిందెను తలమీద పెట్టుకుని నడిచే స్త్రీని గమనించండి. మెడ, భుజాలు నిశ్చలంగా ఉంటాయి. అడుగడుగునా వచ్చే కుదుపును నడుము, తుంటి, మోకాళ్ళు తీసుకుంటాయి. నీళ్ళు తొణకవు. రౌతు చేయవలసిన పనీ ఇదే. గుర్రం మామూలుగా నడిచేటప్పుడు నాలుగు కాళ్ళనూ విడివిడిగా మోపుతుంది కాబట్టి ఊపు మెత్తగా ఉంటుంది. ట్రాట్‌లో ఒక ముందుకాలు, దానికి ఎదురుమూల వెనుకకాలు జంటగా పడతాయి, జంటకూ జంటకూ మధ్య శరీరం క్షణకాలం గాలిలో ఉంటుంది. కొత్తవారిని ఎగరేసేది ఈ నడకే. అందుకే మొదట మామూలు నడకలో తుంటిని వదులు చేసుకోవడం అలవడాలి.

ఎగిరిపడుతున్నప్పుడు మోకాళ్ళతో జీనును గట్టిగా నొక్కాలనిపిస్తుంది. తడి సబ్బును గుప్పిట్లో బిగిస్తే పైకి జారినట్లు, అలా నొక్కిన రౌతు కూడా పైకి లేస్తాడు. ఇంకా పెద్ద ప్రమాదం చేతులతో వస్తుంది. పట్టు కోసం పగ్గాలు లాగితే కళ్ళెం గుర్రం నోటిని నొప్పిస్తుంది. అదే సమయంలో మడమలు పొట్టకు తగిలితే గుర్రానికి ఒకేసారి రెండు ఆజ్ఞలు అందుతాయి: ఆగు, పరుగెత్తు. ఆ స్థితిలో అది బెదిరితే తప్పు గుర్రానిది కాదు. పట్టు తప్పుతోందనిపించినప్పుడు జూలునో, మెడకు కట్టిన పట్టీనో పట్టుకోవాలి. దానిని నామోషీగా భావించనక్కరలేదు.

చేతుల మీద ఆధారపడని సమతౌల్యానికి పాత పద్ధతి ఒకటుంది. శిక్షకుడు మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని వృత్తంలో తిప్పుతాడు. రౌతు పగ్గాలు, రికాబులు వదిలేసి కూర్చుంటాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్త విద్యార్థులు చాలాకాలం ఇలాగే సాధన చేస్తారు. మన దగ్గర నెల రోజుల్లో దౌడు తీయించాలని తొందరపడేవారు ఈ సంగతి గమనించాలి.

4.4 ఆత్మవిశ్వాసం ఎక్కడినుంచి వస్తుంది

2009లో స్వీడన్ పరిశోధకులు ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. గుర్రాలను నడిపించేవారిని, స్వారీ చేసేవారిని ఒకే దారిలో నాలుగుసార్లు వెళ్ళమన్నారు. నాలుగోసారికి ముందు, గుర్రం వెళ్తుండగా గొడుగు తెరుస్తామని చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా మనుషులతోపాటు గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. గుర్రం సహజంగా వేటజంతువులకు భయపడి పరుగెత్తి ప్రాణం కాపాడుకునే జీవి. తన వీపు మీదున్న మనిషి ఆందోళనను అది ఏదో విధంగా పసిగడుతుంది. కాబట్టి భయాన్ని అదుపులో పెట్టుకోవడం మర్యాద కోసం కాదు, భద్రత కోసం.

అయితే “భయపడకు” అని చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ. మనస్తత్వశాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించిన స్వీయసామర్థ్య భావన ప్రకారం, ‘నేను చేయగలను’ అనే నమ్మకానికి నాలుగు మూలాలున్నాయి: స్వయంగా సాధించిన అనుభవం, తనవంటివారు చేయగా చూడటం, ఇతరుల ప్రోత్సాహం, తన శరీర స్థితిని తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో అత్యంత బలమైనది మొదటిది. అందుచేత శిక్షణను చిన్న మెట్లుగా విభజించాలి. గుర్రానికి మాలిష్ చేయడం, పక్కన నడిపించడం, ఎక్కి దిగడం, ఆగిన గుర్రం మీద చేతులు చాచడం, తరువాత నడక. ఒక మెట్టు మీద శ్వాస మామూలుగా ఆడుతున్నప్పుడే తరువాతి మెట్టు ఎక్కాలి. ఊపిరి బిగపట్టారా లేదా అని తెలుసుకోవడానికి గట్టిగా అంకెలు లెక్కపెట్టమనే శిక్షకులున్నారు. మాట్లాడుతూ ఊపిరి బిగపట్టడం కుదరదు కదా!

సామర్థ్యం గురించి మాట్లాడేటప్పుడు డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ పేరు చెప్పుకోవాలి. 1944లో పోలియో సోకి ఆమెకు మోకాళ్ళ కింద చచ్చుబడిపోయింది. గుర్రం ఎక్కడానికి, దిగడానికి మరొకరి సాయం కావాలి. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, డ్రెస్సాజ్ పోటీలో పురుషులతో తలపడి రజత పతకం గెలిచింది, 1956లో మళ్ళీ రజతమే సాధించింది. కాళ్ళ బలంతో పట్టుకునే అవకాశమే లేని ఆమె నడుము, బరువు మార్పుల ద్వారా గుర్రంతో మాట్లాడింది.

4.5 పడిన తరువాత

హెల్మెట్ లేకుండా, మడమ ఉన్న బూట్లు లేకుండా గుర్రం ఎక్కకూడదు. మడమ లేని చెప్పులతో ఎక్కితే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది.

పడగానే వెంటనే మళ్ళీ ఎక్కాలని చాలామంది చెబుతారు. ఇది పూర్తిగా సరికాదని నా అభిప్రాయం. తలకు దెబ్బ తగిలినా, తల తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా ఆ రోజు స్వారీ ముగిసినట్లే, వైద్యుని చూడాలి. దెబ్బలేవీ లేవని తేలితే, పడిన మెట్టుకు కాక దానికంటే ఒక మెట్టు కిందికి వెళ్ళి, తప్పక చేయగలిగిన పనితో మొదలుపెట్టాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మోకాళ్ళతో జీనును బిగించి పట్టుకుంటే రౌతు స్థిరత్వం ఎందుకు తగ్గుతుంది? అయిదు వాక్యాలలో రాయండి.
2. హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ ప్రొబేషనర్లకు గుర్రపుస్వారీ కూడా నేర్పుతారు. ఎన్నడూ గుర్రం ఎక్కని ఒక ప్రొబేషనర్‌కు మొదటి వారం శిక్షణను బందూరా చెప్పిన నాలుగు మూలాల ఆధారంగా మీరు ఎలా రూపొందిస్తారు?