గడప లోపలి తుపాకి: ఒమాన్ చరిత్రలో కొన్ని ఘట్టాలు

ఇంటి రక్షణకు ఏ చేతితుపాకి కొనాలి అన్నది అమెరికాలో స్థిరపడిన తెలుగువారి మధ్య అప్పుడప్పుడు వినిపించే ప్రశ్నే. రివాల్వరా, పిస్తోలా? ఏ కొలత తూటా? పడకగదిలో ఉంచాలా, ఇనప్పెట్టెలో ఉంచాలా? మస్కట్‌లో ఉద్యోగం చేసుకునే తెలుగు కుటుంబానికి ఈ ప్రశ్నలతో పని లేదు. ఒమాన్‌లో ఆయుధాల విషయం 1990 నాటి రాజశాసనం పరిధిలో ఉంది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. అయినా ఇంటిని కాపాడుకోవడమనే విద్యలో ఒమానీలకు ఉన్న అనుభవం సామాన్యమైనది కాదు. అందులో కోటగోడ ఉంది, వత్తి తుపాకి ఉంది, మార్టినీ-హెన్రీ రైఫిల్ ఉంది, చివరకు ఒక సుల్తాను చేతిలోని పిస్తోలు కూడా ఉంది. చేతితుపాకి కొనాలనుకునేవారు ఆయుధాల జాబితా తిరగేసే ముందు ఈ చరిత్రను చూడటం మేలు.

నిజ్వా కోట బురుజును 17వ శతాబ్దం నడుమ యారుబీ వంశపు ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు. పైకి వెళ్లే మెట్లదారి ఇరుకైనది, మలుపులు తిరుగుతూ పోతుంది. మలుపు మలుపుకూ ఒక బరువైన తలుపు. తలుపు దగ్గర ఆగిన శత్రువు తల మీద మరిగే ఖర్జూరపు పాకం పోయడానికి కప్పులో రంధ్రాలు. మెట్ల మధ్యలో గోతులు. వాటిపై చెక్కలు పరిస్తే దారి, తీసేస్తే మృత్యువు. ఇవాళ పర్యాటకులు ఆ పాకం కథకే ఎక్కువ ఆశ్చర్యపోతారు గానీ, ఆ కట్టడంలో అసలు తెలివి తలుపుల్లో ఉంది. ఒక్కొక్క తలుపు లోపలివారికి కొన్ని నిమిషాలు సంపాదించి పెడుతుంది. వచ్చినవాడు ఎవడు, ఎందుకు వచ్చాడు, వెంట ఎందరున్నారు అన్నవి తెలుసుకోవడానికి ఆ నిమిషాలు చాలు. దుర్గశాస్త్రమంతా నిజానికి ఈ వ్యవధిని కొనే శాస్త్రమే.

నిజ్వాకు కొంత దూరంలో ఉన్న జబ్రీన్ కోట ఇంకా ఆసక్తికరమైనది, ఎందుకంటే అది యుద్ధానికన్నా నివాసానికి కట్టినది. సుల్తాన్ బిన్ సైఫ్ కుమారుడు బిలారబ్ దీనిని 1670ల ప్రాంతంలో కట్టించాడు. రంగులద్దిన పైకప్పులు, చదువు చెప్పే గదులు, ఖర్జూరం నిల్వచేసే కొట్లు అన్నీ ఉన్నాయి. అతిథులను కలుసుకునే సూర్యచంద్రుల గది కింద భటులు దాగి ఉండటానికి చోటు కూడా ఉంది. అంటే కట్టించినవాడికి బయటినుంచి దండెత్తే సైన్యం మీద ఎంత అనుమానమో, ఎదురుగా కూర్చుని కాఫీ తాగే మనిషి మీదా అంతే అనుమానం. అది నిజం కూడా అయింది. ఇంతటి ఇంటిని ముట్టడించింది పరాయివాడు కాదు, బిలారబ్ సొంత తమ్ముడు సైఫ్. ఆ ముట్టడి సాగుతుండగానే 1692లో బిలారబ్ ఆ కోటలోనే కన్నుమూశాడు. దాయాదుల పోరు తెలుగువారికి కొత్త కాదు. పలనాటి కథను వీరగాథగా పాడుకున్న జాతి మనది.

ఇక తుపాకి సంగతి. ఒమాన్‌లో పొడవాటి వత్తి తుపాకులు చాలాకాలం చలామణిలో ఉన్నాయి. అరబ్బీలో వాటిని అబూ ఫతీలా అన్నారు. ఫతీలా అంటే వత్తే. మందు కూరి, గుండు వేసి, వత్తి రాజేసి పేల్చాలి. రాత్రివేళ హఠాత్తుగా ఇంట్లో చొరబడినవాడి మీద ఇది ఏమాత్రం పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దం చివరి దశకాల్లో వీటి స్థానంలోకి మార్టినీ-హెన్రీ వచ్చింది. బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించిన ఈ రైఫిల్‌లో ఒక్కసారికి ఒక్కటే తూటా పడుతుంది. మీట కిందికి లాగితే అర తెరుచుకుంటుంది, తూటా పెట్టి మీట మూస్తే సిద్ధం. బ్రిటిష్ సైన్యం దానిని వదిలేసి కొత్త రకాలకు మారుతున్నకొద్దీ పాతవి ప్రపంచ విపణిలో కుప్పలుగా వచ్చి పడ్డాయి. వాటికి పెద్ద సంత మస్కట్.

మస్కట్ అలా సంతగా మారడానికి హిందూదేశపు చట్టం కూడా ఒక కారణం. 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయులు లైసెన్సు లేనిదే తుపాకి పట్టరాదని శాసించింది. వాయవ్య సరిహద్దు పఠాన్ తెగలకు రైఫిళ్ల ఆకలి ఎక్కువ. బ్రిటిష్ ఇండియా నుంచి అవి దొరకవు. లండన్ నుంచీ ఐరోపా రేవుల నుంచీ సరుకు మస్కట్ చేరేది. అక్కడినుంచి పడవల్లో మక్రాన్ తీరం దాటి, ఒంటెల మీద అఫ్గాన్ కొండలకు పోయేది. ఈ వ్యాపారంలో ఆంగ్లేయులు, ఫ్రెంచివారు, మస్కట్‌లో పాతుకుపోయిన గుజరాతీ వర్తకులు అందరూ భాగస్థులే. 1898 జనవరిలో బ్రిటిష్ యుద్ధనౌక లాప్‌వింగ్ మస్కట్ జలాల్లో బలూచిస్తాన్ అనే ఓడను ఆపి ఆయుధ సామగ్రిని స్వాధీనం చేసుకుంది. సరుకు యజమానులైన లండన్ కంపెనీ ఆ నౌకాధికారి మీద దావా వేసింది. 1902లో ప్రభువుల సభ ఆ దావాను తోసిపుచ్చింది: సుల్తాను ప్రకటన మేరకు ఆ జలాల్లో జరిగిన జప్తు మస్కట్ చట్టం ప్రకారం సరైనదే కాబట్టి ఇంగ్లండులో దానిపై నష్టపరిహారం అడగడం కుదరదన్నది తీర్పు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుకునే కేసు ఇది.

ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. అరేబియా సముద్రానికి ఆవలి ఒడ్డున ఏ కొండజాతి మనిషైనా బజారులో రైఫిల్ కొనుక్కోగలిగిన రోజులు గడిచి పట్టుమని పాతికేళ్లు తిరక్కుండానే, ఈవలి మన్యంలో అల్లూరి సీతారామరాజు దళానికి తుపాకులు కావలసి వచ్చాయి. అవి దొరికే చోటు పోలీసుఠాణాలే. 1922 ఆగస్టు 22 నుంచి వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద జరిగిన దాడుల ఉద్దేశం ప్రధానంగా అదే. తెలుగు ఇంట తుపాకి లేకపోవడానికి సంస్కృతి కన్నా 1878 చట్టమే పెద్ద కారణమని చెప్పాలి.

ఆయుధ వ్యాపారానికి ముగింపు పలకాలని బ్రిటిష్ నౌకాదళం 1909 తరువాత గల్ఫ్‌లో గట్టి కాపలా పెట్టింది. 1912లో సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ, దిగుమతి అయ్యే ఆయుధాలన్నీ ఒకే గిడ్డంగిలో నిల్వచేసి లైసెన్సు మీదనే అమ్మాలని ఆజ్ఞాపించాడు. పోయిన సుంకానికి బదులుగా బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ఏటా లక్ష రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకుంది. లోతట్టు తెగలకు ఈ గిడ్డంగి తమ నడుముకట్టు విప్పినంత అవమానంగా తోచింది. 1913లో వారు తమ ఇమాంను ఎన్నుకుని తిరగబడటానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. 1915 జనవరిలో సుమారు 3,000 మంది తెగలవారు మస్కట్ వెలుపలి బైత్ అల్ ఫలజ్ మీద పడ్డారు. వారిని తిప్పికొట్టింది భారతీయ పటాలాలు. అందులో ఒకటి 95వ రస్సెల్స్ ఇన్‌ఫెంట్రీ. పేరు హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రస్సెల్‌ది, పుట్టుక నిజాం కోసం ఏర్పడిన సైన్యంలో. ఆ కోట ఇప్పుడు సాయుధదళాల ప్రదర్శనశాల.

ఇంత రైఫిళ్ల చరిత్రలోనూ గమనించవలసింది, ఒమానీ ఇంట్లో రైఫిల్ గోడకు వేలాడింది గాని ఆ గదిలో కాల్చడానికి కాదు. అది బయటికి వెళ్లేటప్పుడు భుజాన వేసుకునేది. నీటి కాలువ తగాదాకు, ఒంటెల దోపిడీకి, తెగ పిలిస్తే కదలడానికి, పెళ్లిలో ఆడుతూ గాలిలోకి పేల్చడానికి. ఇంటిని కాచింది మట్టిగోడ, తలుపు, చుట్టుపక్కల బంధువులు. చేతితుపాకి ఈ ఏర్పాటులో ఒదగదు. అది నాలుగు గోడల మధ్య, నాలుగడుగుల దూరంలో, ఆఖరి క్షణానికి ఉద్దేశించిన పనిముట్టు.

ఆ ఆఖరి క్షణం ఎలా ఉంటుందో సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ చూశాడు. 1958 తరువాత ఆయన మస్కట్ వదిలి సలాలాలోని అల్ హిస్న్ రాజభవనంలోనే ఉండిపోయాడు. 1966 ఏప్రిల్ 26న కవాతులో సొంత సైనికులే ఆయన మీద కాల్పులు జరిపారు. ఆ పిమ్మట బయటికి కనిపించడమే మానేశాడు. సముద్రపు ఒడ్డున ఎత్తయిన గోడలు, ద్వారాల వద్ద అంగరక్షకులు, దగ్గర పిస్తోలు. ఒమాన్‌లో అంతకన్నా భద్రమైన ఇల్లు మరొకటి ఉండి ఉండదు. 1970 జూలై 23న ఆ ఇంట్లోకి ప్రవేశించినవారికి నాయకుడు ధోఫార్ గవర్నరు కుమారుడు షేక్ బురైక్ బిన్ హముద్ అల్ గాఫిరీ. వారు వచ్చింది సుల్తాను ఏకైక కుమారుడు కాబూస్ పక్షాన. సయీద్ పిస్తోలు పేల్చాడు. తూటా బురైక్ కడుపులో దిగింది, ప్రాణం పోలేదు. అదే గలాటాలో సుల్తాను చేతిలోని ఆయుధం పేలి ఆయన పాదానికే తగిలింది. గాయాలతో లొంగిపోయి, పదవీత్యాగ పత్రం మీద సంతకం చేసి, బ్రిటిష్ విమానంలో దేశం దాటాడు. 1972లో లండన్‌లో మరణించాడు.

ఈ ఘటనను ఆయుధపు నాణ్యతతో వివరించబోవడం వృథా. గోడలు, కాపలా, తుపాకి అన్నీ ఉన్నాయి. అవన్నీ పరాయివాడిని ఊహించుకుని పెట్టుకున్నవి. తలుపు తోసినవాడు తెలిసినవాడు, పంపినవాడు కన్నకొడుకు.

సయీద్ పాదానికి తగిలిన తూటాలో మాత్రం ఎంపికకు సంబంధించిన పాఠం ఒకటి ఉంది. రివాల్వర్‌లో సాధారణంగా మీట రక్షణ ఉండదు. ట్రిగ్గర్‌ను పొడవుగా, నాలుగైదు కిలోల బలంతో లాగాలి. అందుకే పొరపాటున పేలడం కొంత కష్టం, గురి తప్పడం సులభం. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో తూటా గదిలోకి ఎక్కాలంటే పైభాగం వెనక్కి లాగి వదలాలి. ముందే ఎక్కించి ఉంచితే, 1980ల నుంచి వ్యాప్తిలోకి వచ్చిన గ్లాక్ తరహా పిస్తోళ్లలో రెండున్నర కిలోల ఒత్తిడికే పేలుతుంది. భయంతో చేతులు వణికేటప్పుడు సున్నితమైన కదలికలు ముందుగా చెడతాయి. కాబట్టి ‘ఏది మంచిది’ అన్న ప్రశ్నకు, ఏది చేతికి నెలనెలా అలవాటవుతుందో అదే అన్నది నిపుణులు సాధారణంగా చెప్పే జవాబు. కొని బీరువాలో పెట్టి మరిచిపోయేవారికి ఏదీ మంచిది కాదు.

గోడల మాట కూడా తలచుకోవాలి. ఒమానీ పాత ఇంటి మట్టిగోడ తూటాను మింగేస్తుంది. నేటి మస్కట్ విల్లాలోని కాంక్రీటు దిమ్మెల గోడ దాన్ని తిప్పికొట్టవచ్చు. అమెరికాలోని చెక్క చట్రపు ఇంట్లో గదికీ గదికీ మధ్య ఉండేది రెండు పలచని జిప్సం పలకలు. 9 మిల్లీమీటర్ల తూటా అలాంటి గోడలు కొన్నిటిని అవలీలగా దాటి పోతుంది. పక్కగదిలో నిద్రపోయేది ఎవరన్నది అప్పుడు ప్రధానమైన విషయం.

అమెరికా పరిశోధనలు ఇదే సంగతిని అంకెల్లో చెప్పాయి. సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో 1978 నుంచి 1983 వరకు, తుపాకి ఉన్న ఇంట్లోనే తూటా తగిలి సంభవించిన 398 మరణాలను ఆర్థర్ కెల్లర్‌మన్, డొనాల్డ్ రే పరిశీలించారు. అందులో 333 ఆత్మహత్యలు, 41 నేరపూరిత హత్యలు, 12 ప్రమాదాలు. ఆత్మరక్షణలో జరిగినవి 9. ఈ లెక్క మీద వచ్చిన విమర్శలో బలం ఉంది: తుపాకి చూపగానే దొంగ పారిపోయిన సందర్భాలు మరణాల పట్టికలో కనబడవు. అయినా కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని ఏళ్ల తరబడి అనుసరించి 2020లో వెలువడిన మరో అధ్యయనం, చేతితుపాకి ఉన్న పురుషులు తుపాకితో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం లేనివారి కన్నా సుమారు 8 రెట్లు, స్త్రీలలో 35 రెట్లు అని తేల్చింది. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, ఎవరికీ చెప్పుకోలేక కుమిలే మనిషి ఉన్న ఇంట్లో ఈ అంకెకు ఉన్న అర్థం వేరు.

తాళం వేసిన పెట్టెలో తుపాకి, వేరొక చోట తూటాలు అన్న నియమం పిల్లల్ని, దిగులులో ఉన్నవారిని కాపాడుతుంది. దాని ఖరీదు ఆపత్సమయంలో అరనిమిషమో నిమిషమో ఆలస్యం. ఆ ఆలస్యాన్ని తుపాకి దగ్గర కాక తలుపు దగ్గర సర్దుకోవచ్చు: గట్టి గడియ, వెలుగు, కుక్క, పడకగదికి మరో తలుపు. నిజ్వా మెట్లదారి కట్టినవారి లెక్క ఇదే.

ఒమాన్‌లో తుపాకి హింస నేడు అరుదు. 2024 జూలైలో మస్కట్ వాదీ అల్ కబీర్‌లోని మసీదు వద్ద జరిగిన కాల్పులు దేశాన్ని అంతగా కలవరపెట్టడానికి అదీ ఒక కారణం. మృతుల్లో ఒక భారతీయుడూ ఉన్నాడు. నిజ్వా శుక్రవారపు సంతలో మేకల వేలం చూడటానికి వెళ్లిన తెలుగువారు పాత రైఫిళ్లు బేరమాడే వృద్ధులను చూసే ఉంటారు. నడుముకు ఖంజరు పెట్టుకోవడం పండుగ వేషంగా నిలిచింది. దాని తయారీ నైపుణ్యానికి 2022లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

స్వదేశానికి తిరిగివెళ్లి ఊరి ఇంట్లో తుపాకి పెట్టుకుందామనుకునేవారికి 1959 ఆయుధాల చట్టం వర్తిస్తుంది. నగరాల్లో పోలీసు కమిషనరు, జిల్లాల్లో కలెక్టరు లైసెన్సు ఇచ్చే అధికారులు. 2016 నియమావళి ప్రకారం సురక్షిత వినియోగంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం కావాలి. 2019 సవరణ ఒక వ్యక్తికి గరిష్ఠంగా మూడు ఆయుధాలన్న పరిమితిని రెండుకు తగ్గించింది. 9 మిల్లీమీటర్ల పిస్తోలు నిషిద్ధ తరగతి కాబట్టి సామాన్యుడికి మిగిలేది ప్రధానంగా .32 రకమే. స్త్రీల కోసమని 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం విడుదల చేసిన ‘నిర్భీక్’ రివాల్వర్ కూడా ఆ కొలతదే: బరువు అరకిలో, అప్పటి ధర లక్షా ఇరవై వేల రూపాయల పైచిలుకు.