మూడు వోల్టులు వెలగబెట్టిన ఘనకార్యం

డిసెంబరులో ఒక తెల్లవారుజామున మా బాత్‌రూమ్ దగ్గర ప్లాస్టిక్ కాలుతున్న వాసన. బకెట్‌లో హీటర్ రాడ్డు తన పని తాను చేసుకుపోతోంది, నీళ్లింకా గోరువెచ్చన కూడా కాలేదు. ప్లగ్గు మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. 1500 వాట్ల రాడ్డే నిదానంగా ఉంటే, ప్లగ్గుకెందుకంత తొందర?

వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు రాడ్డు వేసి ఉండగానే వోల్టేజీ చూశాడు: 220. క్లాంప్ మీటరు తీస్తే రాడ్డు వైరుకే తగిలిస్తాడనుకున్నాను. అతను బోర్డు విప్పి, లోపలున్న ఎర్ర తీగ ఒక్కదానికే పట్టించాడు. రాడ్డు వైరులో పోయే తీగ, వచ్చే తీగ పక్కపక్కనే ఉంటాయి కదా, రెండింటినీ కలిపి పడితే ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని రెండోది చెరిపేసి మీటరు సున్నా చూపిస్తుంది. ఎర్ర తీగలో 6.2 ఆంపియర్లు.

ఆ రెండు అంకెలతోనే కథంతా తెలుస్తుంది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం: 220ని 6.2తో భాగిస్తే దాదాపు 35.5 ఓములు. రెండింటినీ గుణిస్తే సామర్థ్యం: 1364 వాట్లు.

ఇక్కడ మన మాటతో ఒక చిక్కుంది. ‘కరెంటొచ్చింది’ అంటాం గానీ, నిజానికి అప్పుడు సాకెట్ దాకా వచ్చేది వోల్టేజీ. ఏదో ఒక స్విచ్ వేసేదాకా మన తీగల్లో కరెంటు పారదు. ‘లో వోల్టేజీ’ అన్నప్పుడు మాత్రం సరిగ్గానే అంటాం.

మరి 1500లో మిగతా 136 వాట్లు ఏమైనట్టు? ఎక్కడికీ పోలేదు. రాడ్డు మీద రాసింది 230 వోల్టుల లెక్క. రాడ్డుకు సొంతమైనది నిరోధమే, వాట్లు వోల్టేజీని బట్టి మారతాయి. వోల్టేజీ తగ్గితే కరెంటూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. రెండూ తగ్గాక గుణిస్తాం కాబట్టి దెబ్బ రెండుసార్లు తగులుతుంది. 180 వోల్టులే వస్తే 1500 వాట్ల రాడ్డు 920 వాట్లకు దిగిపోతుంది. ఇరవై లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45కు తేవడానికి 230 వోల్టుల దగ్గర పంతొమ్మిది నిమిషాలలోపే పడితే, 180 దగ్గర అరగంట. మధ్యలో బకెట్ చల్లారే సంగతి వదిలేస్తే, మీటరులో తిరిగేది రెండుసార్లూ అర యూనిట్ కంటే కొంచెం తక్కువే. ఆలస్యమవుతుంది, బిల్లు పెరగదు. పొలంలో బోరు మోటారు సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. బరువు మోస్తున్న మోటారు లో వోల్టేజీలో ఇంకా ఎక్కువ కరెంటు లాగి, వైండింగ్ కాల్చుకుంటుంది. దానికి ఈ తేలిక లెక్క పనికిరాదు.

ఈ భాగహారాన్ని నిలబెట్టినవాడు జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులు, గేయార్గ్ ఓమ్. అప్పటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. అందుకని రెండు లోహాల అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచి స్థిరమైన వోల్టేజీ పుట్టించి, తీగల పొడవు మార్చి మార్చి కొలిచాడు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలోనే పెద్దగా పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. ఆ రోజుల్లోనే మాంచెస్టర్ దగ్గర బీరు కాచే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్, తీగచుట్టలను నీళ్ల జాడీల్లో ముంచి, కరెంటు పంపి, నీళ్లెంత వేడెక్కాయో చూశాడు. ఒక రకంగా మన హీటర్ రాడ్డుకు తాతన్నమాట. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందని, అంటే కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి వస్తుందని తేల్చాడు.

నిరోధం ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకుంటే పాత ఫిలమెంట్ బల్బు వెక్కిరిస్తుంది. 230 వోల్టుల 100 వాట్ల బల్బుకు లెక్క ప్రకారం 529 ఓములుండాలి. ఆరిన బల్బును మల్టీమీటరుతో చూస్తే నలభై కూడా ఉండదు. టంగ్‌స్టన్ వేడెక్కే కొద్దీ నిరోధం పెంచుకుంటుంది. స్విచ్ వేసిన క్షణంలో తీగ చల్లగా ఉండటంతో కరెంటు ఎన్నో రెట్లు దూసుకొస్తుంది. అందుకే ముసలి బల్బులు ఎక్కువగా వేయగానే టప్పున పోయేవి. రాడ్డులో వాడే నైక్రోమ్‌కు ఈ చపలత్వం తక్కువ.

మళ్లీ ప్లగ్గు దగ్గరికి. కుర్రాడు దాని మూత విప్పి, కాలిన పిన్నుకు ఒక ముల్లు, సాకెట్ వెనక టెర్మినల్‌కు ఇంకో ముల్లు ఆనించాడు (ఇది మనం చేయాల్సిన పని కాదు). 3 వోల్టులు. 220లో 3 ఏ మూలకి? కానీ ఆ అతుకులోంచీ పారేది అదే 6.2 ఆంపియర్లు. గుణిస్తే దాదాపు 19 వాట్లు, భాగిస్తే అర ఓము నిరోధం. రేడియో మెకానిక్ సీసం కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. ఇంచుమించు అలాంటిదొకటి నా ప్లగ్గులో కూర్చుని ఉంది. రాడ్డు వేడిని మోసుకుపోవడానికి బకెట్ నిండా నీళ్లున్నాయి. పిన్ను వేడికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్కే దిక్కు. వేడికి సాకెట్‌లోని ఇత్తడి పట్టు సడలుతుంది, నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది.

“సార్, ఇది ఆరు ఆంపియర్లది. రాడ్డుకి పదహారుది పెట్టాలి,” అన్నాడు. పాత ప్లగ్గు విరిగితే ఆ ఆరుది కొనుక్కొచ్చి బిగించిన ఘనుణ్ణి నేనే. 230ని ఆరుతో గుణిస్తే 1380. ఆ పాటి గుణకారం షాపులోనే చేసుకోవాల్సింది.

సాకెట్, ప్లగ్గు, గోడలో తీగ అన్నీ మార్చాక మళ్లీ క్లాంప్ మీటరు పట్టించాడు. 6.3 ఆంపియర్లు. అంటే 35 ఓములకు కొంచెం తక్కువ. ప్లగ్గు తినేసిన అర ఓము లెక్కలోంచి పోయింది. నీళ్లు కాగడానికి పట్టే టైములో నాకేమీ తేడా తెలియలేదు. ప్లగ్గు మాత్రం చల్లగా ఉంది.