చెరకు లెక్కలూ లినక్స్ కమాండ్లూ

నిజామాబాద్ జిల్లా బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. నిజాంసాగర్ కాలువ నీళ్లకు పండిన చెరకు అక్కడే చక్కెరైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ అంటే గానుగలు, బాయిలర్లు మాత్రమే కాదు. రైతు పేరు, ఊరు, చెరకు రకం, కాటా తూకం, చెల్లించిన సొమ్ము, కార్మికుడి సర్వీసు, ఇవన్నీ కలిస్తేనే ఫ్యాక్టరీ. గేటుకు తాళం పడిన తర్వాతే ఈ లెక్కల అవసరం పెరుగుతుంది. బకాయి అడిగేవారికి అవి కావాలి, ప్రాంత చరిత్ర రాసేవారికీ కావాలి. కాబట్టి కంప్యూటర్‌లో రాసిపెట్టిన లెక్క, దాన్ని రాసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్నా పోయినా తెరుచుకోవాలి. లినక్స్ వంటి ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మన పట్టణాలకు అవసరమని నేను వాదించేది ముఖ్యంగా ఇందుకే. డబ్బు పెట్టి కొనక్కర్లేదన్నది ఆ తర్వాతి మాట.

ఇప్పుడీ మాట ఎత్తడానికి మరో కారణం కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి. బడి ల్యాబుల్లో, డీటీపీ దుకాణాల్లో, అడ్తి దుకాణాల్లో పనిచేస్తున్న పాత యంత్రాల్లో చాలావాటికి అది లేదు. అదే ఏడాది ఆగస్టు 9న లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 13 విడుదలైంది. దీనికి మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపై రెండేళ్ల దీర్ఘకాలిక మద్దతు ఉంటాయి. అయితే 32 బిట్ల పీసీల కోసం డెబియన్ 13కు ఇన్‌స్టాలర్ లేదు. అందుకని ముందుగా యంత్రం సంగతి చూసుకోవాలి. ఏదైనా లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, టెర్మినల్ తెరిచి, ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టండి. ఆపరేషన్ మోడ్ అన్న వరుసలో 64 బిట్ అని కనిపిస్తే చాలు, హార్డ్ డిస్క్ జోలికి పోకుండానే విషయం తేలిపోతుంది. ఇక్కడ కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు అన్నీ ఆంగ్ల చిన్నబడి అక్షరాలే.

టెర్మినల్ అనగానే చాలామంది వెనకాడతారు. నల్లటి తెర, మెరిసే గీత, ఏం కొడితే ఏమవుతుందోనన్న భయం. నిజానికి దాని వెనకున్న ఆలోచన చాలా సరళమైనది. బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక చిన్న కాగితం రాశారు: తోటకు నీళ్లు పట్టే గొట్టాలను ఒకదానికొకటి తగిలించినట్టు ప్రోగ్రాములను తగిలించగలగాలని. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో అమలుచేశారు. అదే పైప్, కీబోర్డు మీద నిలువు గీత. ఒక ప్రోగ్రాము చెప్పిన జవాబు మరో ప్రోగ్రాముకు ప్రశ్నగా అందుతుంది.

ఒక ఫైల్ ఉందనుకుందాం. తేదీ, ఊరు, చెరకు రకం, టన్నులు, వీటి మధ్య కామాలు. ఒక్కో కాటా చీటీకి ఒక్కో వరుస. ఏ ఊరి నుంచి ఎన్ని చీటీలు వచ్చాయో తెలియాలి. కట్ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ డీ, దాన్ని ఆనుకుని కామా, మళ్లీ ఖాళీ, హైఫన్ ఎఫ్ 2, ఖాళీ, ఫైల్ పేరు. దీంతో రెండో గడి, అంటే ఊరి పేరు మాత్రమే బయటికొస్తుంది. నిలువు గీత పెట్టి సార్ట్. మళ్లీ నిలువు గీత, యు, ఎన్, ఐ, క్యూ అక్షరాల యూనిక్, దానికి హైఫన్ సీ. ఇంకో నిలువు గీత, సార్ట్ హైఫన్ ఎన్ఆర్. ఎంటర్ కొడితే ఎడపల్లి, రెంజల్, సాలూర, వర్ని, ఒక్కో పేరు ముందు దాని చీటీల సంఖ్యతో, పెద్దది పైన వచ్చేట్టు తెర మీదికొస్తాయి. యూనిక్ పక్కపక్కనే ఉన్న వరుసలను మాత్రమే పోలుస్తుంది. అందుకే మొదటి సార్ట్ తప్పనిసరి. అది మరిచిపోతే జవాబు తప్పుతుంది, తప్పిందని ఏ హెచ్చరికా రాదు.

ఈ జాబితా ఇంకో మేలు చేస్తుంది. ఒకరు సాలూర అని, మరొకరు సాలూరా అని కొట్టి ఉంటే రెండూ వేర్వేరు ఊళ్లుగా కనిపిస్తాయి. టైపింగ్ తప్పులు పట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు. చీటీల సంఖ్య కాక టన్నుల మొత్తం కావాలంటే ఆక్ ఉంది. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ రాసిన చిన్న భాష అది. పసుపు యార్డులో కొమ్ము ధర వేరుగా, మండ ధర వేరుగా సగటు తీయడానికి కూడా ఆక్ ఒక్క వరుస చాలు.

తెలుగు అక్షరం దగ్గరికి వచ్చేసరికి ప్రత్యేకంగా తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. ఇవాళ లినక్స్‌లో తెలుగు యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటుంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన పద్ధతి ఇది. అందులో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. 'నిజామాబాద్'లో మన కంటికి అయిదు అక్షరాలే. గుణింతపు గుర్తులనూ పొల్లునూ విడిగా లెక్కిస్తే సంకేతాలు పది, బైట్లు ముప్పై. డబ్ల్యూసీ కమాండ్‌కు హైఫన్ ఎం ఇస్తే సంకేతాలను, హైఫన్ సీ ఇస్తే బైట్లను లెక్కిస్తుంది. వరుస చివర ఎంటర్ ఉంటే దాన్నీ కలుపుతుంది. డెబియన్ 13లో కట్‌కు హైఫన్ సీ ఇచ్చి తెలుగు మాటను కోయబోతే అది బైట్ల లెక్కన కోస్తుంది, అక్షరం మధ్యలో తెగి పిచ్చిగీతలు వస్తాయి. తెలుగు ఫైళ్లలో కామాతో గడులు విడదీసుకోవడమే క్షేమం.

వెతకడంలో మరో చిక్కు. జీ, ఆర్, ఈ, పీ అక్షరాల గ్రెప్ ఫోల్డర్ మొత్తాన్ని క్షణంలో గాలిస్తుంది. హైఫన్ ఆర్ ఇస్తే లోపలి ఫోల్డర్లనూ వదలదు. కానీ 'బోధన్‌లో' అని రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకుండా 'బోధన్లో' అని వెతికితే గ్రెప్‌కు దొరకదు. ప్రత్యయాలు తీసేసి 'బోధన్' అని వెతికితే రెండూ దొరుకుతాయి. అకారాది క్రమంలోనూ తేడా ఉంది. సంకేతాల వరుస ప్రకారం సార్ట్ చేస్తే ళ, ల పక్కనే, వకు ముందు వస్తుంది. మన నిఘంటువుల్లో అది హ తర్వాతి అక్షరం. ఓటరు జాబితా, సభ్యుల పట్టిక తయారుచేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం మనకు పాత డీటీపీ ఫైళ్ల వల్ల జరిగింది. అను వంటి ఫాంట్లలో ఆంగ్ల అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలను కూర్చారు. ఆ ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగే. ఫాంటు తీసేస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాల కుప్ప. గ్రెప్ వెతకలేదు, సార్ట్ పేర్చలేదు. ఏళ్లపాటు అచ్చు దుకాణాల్లో కొట్టిన కరపత్రాలు, సంఘాల తీర్మానాలు, సావనీర్లు ఇలాగే ఉండిపోయాయి. మార్పిడి సాధనాలతో వీటిని యూనికోడ్‌కు మార్చుకోవచ్చు. ఆ ఫాంట్లు తెలిసిన చేతులు ఇంకా పనిలో ఉన్నప్పుడే ఇది జరగాలని నా గట్టి కోరిక, ఎందుకంటే మార్చిన తర్వాత తప్పులు దిద్దడానికి మనిషి కన్నే కావాలి.

యూనికోడ్ తెలుగు ఫాంట్లకు కొరత లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఉన్నాయి. రెడ్ హ్యాట్ విడుదల చేసిన లోహిత్ ఉంది. మీ యంత్రంలో ఏవున్నాయో చూడాలంటే ఎఫ్‌సీ-లిస్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, కోలన్, లాంగ్, సమానం గుర్తు, టీఈ. తెర కూడా తెలుగులో ఉండాలన్న పట్టుదలతో హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతూ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. నిజామాబాద్‌లో 2023 ఆగస్టులో ఐటీ హబ్ తెరిచారు. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. పాత ఫైళ్ల మార్పిడి వంటి పని ఇక్కడి విద్యార్థుల ప్రాజెక్టుగా ఎంత బాగుంటుందో!

మార్చిన ఫైళ్లను భద్రపరచడానికి రెండు కమాండ్లు చాలు. ఆర్‌సింక్ హైఫన్ ఏవీ అని కొట్టి మూల ఫోల్డర్, చేరాల్సిన డిస్క్ ఇస్తే మారిన ఫైళ్లనే కాపీ చేస్తుంది. ముందు హైఫన్ ఎన్ కూడా చేర్చి నడపండి. ఏం చేయబోతుందో చూపిస్తుంది, ఏదీ ముట్టుకోదు. ఫైళ్లను తుడిచే ఆర్ఎం కమాండ్ మాత్రం అలా కాదు. అది తుడిచేసిన ఫైల్ చెత్తబుట్టలోకి కూడా వెళ్లదు. ఇక షా256సమ్ ప్రతి ఫైల్‌కూ ఒక పొడవైన ముద్ర రాస్తుంది. ఫైల్‌లో ఒక్క పొల్లు మారినా ముద్ర మారిపోతుంది. ఆ ముద్రల జాబితాను వేరే డిస్క్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచి, ఏటా చెరకు సీజన్ మొదలయ్యేటప్పుడు హైఫన్ సీ ఇచ్చి సరిచూడండి. చెడిన ఫైల్ ఎదుట ఫెయిల్డ్ అని వస్తుంది. దాన్ని రెండో ప్రతి నుంచి అప్పుడే తెచ్చుకోవచ్చు.