మెదడు ద్రవంలో ఎందుకు తేలుతుంది?

సుమారు 1,400 గ్రాముల మెదడు పుర్రె అడుగున నేరుగా ఆనితే దాని బరువుకే కింది నరాలూ రక్తనాళాలూ నలిగిపోతాయి. మస్తిష్క మేరు ద్రవం అనే నీటివంటి ద్రవం దాన్ని తేల్చి ఉంచడం వల్ల ఆ భారం దాదాపు 50 గ్రాములకు తగ్గుతుంది. మెదడునూ వెన్నుపామునూ కప్పే మూడు పొరలలో బయటిది దృఢమైన వరాశిక, నడిమిది లౌతికళ, లోపల అంటిపెట్టుకొని ఉండేది మృద్వి. ద్రవం ప్రవహించేది చివరి రెండింటి నడుమ. మెదడు లోపలి గదులైన కోష్ఠకాలలో, సన్నని రక్తనాళాల గుచ్ఛాలు దీన్ని రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు తయారుచేస్తాయి. ఎప్పుడైనా ఉండేది 150 మిల్లీలీటర్లే కనుక, పాతది తిరిగి రక్తంలో కలుస్తూనే ఉండాలి. దారి మూసుకుపోతే కోష్ఠకాలు ఉబ్బుతాయి, పసిపిల్లల్లో తలే పెరుగుతుంది. అప్పుడు వైద్యులు సన్నని గొట్టంతో ద్రవాన్ని పొట్టలోకి మళ్లిస్తారు.

మెదడుకు ద్రవంతో పాటు రక్తమూ కావాలి: శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడు శరీరం వాడే ఆక్సిజన్‌లో 20 శాతం వాడుకుంటుంది. మెడలోని నాలుగు ధమనులు తెచ్చే రక్తం మెదడు అడుగున ఒక వలయంలో కలుస్తుంది. థామస్ విల్లిస్ 1664లో వర్ణించిన ఈ ఏర్పాటు వల్ల ఒక ధమని మూసుకున్నా మిగిలినవి కొంత ఆదుకోగలవు.

పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, ద్రవం మాత్రం ఇంకా కిందికి ఉంటుంది. అందుకే మెదడు పొరల వాపును నిర్ధారించేందుకు అక్కడ సూది గుచ్చి ద్రవం తీసినా వెన్నుపాముకు గాయం కాదు.