సముద్రప్రాణులు, వానిలోని సూక్ష్మజీవులు, ఔషధములు

ఎండుగడ్డి మేసిన ఆవు ఆ గడ్డిని తనంత తాను జీర్ణించుకొనజాలదు. దాని పొట్టలో నివసించు సూక్ష్మజీవులే ఆ పని చేసిపెట్టును. ఆవు వానికి వెచ్చని చోటును మేతను ఇచ్చును. అవి ఆవునకు ఆహారమును సిద్ధపరచును. రెండు జాతులు ఇట్లు ఒకదాని నొకటి ఆశ్రయించి బ్రతుకుటకు సహజీవనమని పేరు. సముద్రమున వెన్నెముక లేని ప్రాణులలో ఇట్టి సహజీవనము మిక్కుటముగా కలదు. కాన్సరు చికిత్సలో నేడు వాడబడుచున్న ఒక మందు వెనుక ఇట్టి జంట యొకటి ఉన్నది.

కరిబియన్ సముద్రతీరమున మడచెట్ల వేళ్లు నీటిలోనికి దిగియుండును. ఆ వేళ్లను పట్టుకొని గుంపులుగా పెరుగు ఒక చిన్న ప్రాణిని శాస్త్రజ్ఞులు ఎక్టినాసిడియా టర్బినేటా అందురు. ఇది చూచుటకు మెత్తని సంచివలె నుండును. ఒక రంధ్రమున నీటిని పీల్చి, అందలి ఆహారపు నలుసులను వడగట్టుకొని, మరియొక రంధ్రమున ఆ నీటిని వెలికి పంపును. పెరిగిన ప్రాణి కదలజాలదు. దానికి గుల్లయు లేదు, ముల్లును లేదు. అయినను నీటిలో ఈదులాడు దీని పిల్లలను చేపలు నోట కరచుకొని కూడ ఉమిసివేయును. వానియందు చేపలకు సరిపడని రసాయనము కలదన్నమాట.

ఈ ప్రాణినుండి తీసిన సారము కాన్సరు కణములను నశింపజేయునని 1969 లోనే గమనింపబడినది. కాని ఆ గుణము గల పదార్థమును విడదీసి దాని నిర్మాణమును నిర్ణయించుటకు 1990 వరకు పట్టినది. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన కెనెత్ రైన్‌హార్ట్ బృందమును, ఫ్లోరిడాలోని హార్బర్ బ్రాంచి సంస్థవారును ఆ సంవత్సరముననే వేరువేరుగా దానిని ప్రకటించిరి. తరువాత దానికి ట్రాబెక్టెడిన్ అను పేరు వచ్చినది.

ఇచ్చటనే పెద్ద చిక్కు ఏర్పడినది. ఒక గ్రాము మందు కావలెనన్న సుమారు ఒక టన్ను ప్రాణులను పోగుచేయవలెను. రోగులపై పరీక్షించి చూచుటకే కొన్ని గ్రాములు కావలెను. తీరముల నెల్ల ఊడ్చినను ఎందరు రోగులకు చాలును? ప్రాణి నశించిన పిమ్మట మందు మాత్రము ఎక్కడ దొరకును? హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఇ. జె. కోరీ 1996 లో దీనిని ప్రయోగశాలలో సంపూర్ణముగ నిర్మించెను. అది ఘనకార్యమే, కాని అన్ని మెట్లుగల పద్ధతి మందుల కర్మాగారమునకు అనువైనది కాదు.

దారి చూపినది ఒక పోలిక. ట్రాబెక్టెడిన్ నిర్మాణము, సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అను బాక్టీరియా తయారుచేయు సఫ్రాసిన్ అను పదార్థమును చాలవరకు పోలియున్నది. పాలు తోడుపెట్టినట్లు ఆ బాక్టీరియాను పెద్ద తొట్లలో పెంచి, దానినుండి లభించిన పదార్థమును కొన్ని మెట్లలో ట్రాబెక్టెడిన్‌గా మార్చవచ్చునని స్పెయిను దేశపు ఫార్మామార్ సంస్థ శాస్త్రజ్ఞులు 2000 లో చూపిరి. అప్పటినుండి మడచెట్ల వేళ్లను గోకవలసిన పని తప్పినది.

సంచివంటి ప్రాణి మందునకును బాక్టీరియా మందునకును అంత పోలిక ఎట్లు వచ్చినది? అసలు పని చేయునది ప్రాణి కాక, దానిలో కాపురమున్న బాక్టీరియా కాదా యని పలువురు సందేహించిరి. 2011 లో మిషిగన్ విశ్వవిద్యాలయమువారు ఈ మందును నిర్మించు జన్యువులను ప్రాణిలోని బాక్టీరియాయందే కనుగొనిరి. ఆ బాక్టీరియా తనకు కావలసినవి పెక్కింటిని పోషకప్రాణినుండియే పొందుచు, తన జన్యువులలో చాలభాగము పోగొట్టుకొన్నది. మన ప్రేగులలోని ఇ. కోలై బాక్టీరియా జన్యుసామగ్రిలో ఏడవ వంతు మాత్రమే దీనికి మిగిలినది. ఇల్లు విడిచి బ్రతుకలేని ఆ స్థితిలోను, మందు చేయు జన్యువులను మాత్రము అది వదలుకొనలేదు. ఇంటి యజమానికి కావలి కాయుటయే అది చెల్లించు అద్దె కాబోలు.

ఓడల అడుగుభాగములకు నాచువలె అంటుకొను బుగులా నెరిటినా అను ప్రాణి విషయమును ఇట్టిదే. భారతదేశపు రేవులలోను ఇది కనబడును. దీనినుండి వచ్చు బ్రయోస్టాటిన్‌ను 18 గ్రాములు తీయుటకు దాదాపు 13 టన్నుల ప్రాణులను వాడవలసివచ్చినది. ఈ ప్రాణికి యాంటీబయాటిక్ ఇచ్చి దానిలోని బాక్టీరియాను తగ్గించినపుడు బ్రయోస్టాటిన్ కూడ తగ్గినట్లు 2001 లో తేలినది. దీనిపై ఎన్నియో ఆశలు పెట్టుకొనిరి గాని, కాన్సరు రోగులపై జరిపిన పరీక్షలలో అది ఆ ఆశలను నెరవేర్చలేదు. అన్ని సముద్రౌషధములును బాక్టీరియావే యనుటయు సరికాదు. తీవ్రమైన నొప్పికి వాడు జికోనొటైడ్‌నకు మూలమైన విషమును ఒక శంఖపు నత్త తానే తయారుచేసికొనును.

ట్రాబెక్టెడిన్ కణములోని డి.ఎన్.ఏ.కు అతుకుకొని కాన్సరు కణముల వృద్ధిని అరికట్టును. కొవ్వు, కండరములు మున్నగు మెత్తని కణజాలములలో పుట్టు సార్కోమాకు ఐరోపాలో 2007 లోను, అందు రెండు రకములకు అమెరికాలో 2015 లోను దీనికి అనుమతి లభించినది. ఇతర మందులకు లొంగని దశలోనే సాధారణముగ వైద్యులు దీనిని ఎన్నుకొందురు. దీనిని రక్తనాళములోనికి చాల గంటలసేపు మెల్లగా ఎక్కింతురు. మరల మూడు వారములకుగాని ఇవ్వరు. తెల్ల రక్తకణములు తగ్గుట, కాలేయమునకు హాని కలుగుట సంభవించును గనుక ప్రతి మోతాదునకు ముందును రక్తపరీక్ష అవసరము. సముద్రప్రాణులను తినుటవలనగాని, వాని పొడి యని అంగళ్లలో అమ్ము దానిని సేవించుటవలనగాని ఈ మందు లభింపదు. సార్కోమా గలదని తెలిసినవారు కాన్సరు వైద్యముగల ఆసుపత్రికే వెళ్లవలెను. నొప్పి లేకున్నను నానాటికి పెరుగుచున్న గడ్డను వైద్యునికి చూపుటలో జాప్యము చేయరాదు.